ఒక్కసారే అడిగే మనిషి

మూడువందల పన్నెండు పేజీల నవలలో ఒక్కరంటే ఒక్కరు, ఒక్కసారంటే ఒక్కసారి, ఎదుటి మనిషిని "భోంచేశారా" అని అడగలేదు. ఇంద్రజ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు వెతికి మరీ నిర్ధారించుకుంది.

అది అమెరికన్ నవల. గొప్ప క్లాసిక్ అని సిలబస్‌లో పెట్టారు. అట్ట, పేరున్న పేజీ ఏ కాలంలోనో ఊడిపోయాయి కాబట్టి భీమవరంలోని ఆ పీజీ కాలేజీలో అందరూ దాన్ని గోధుమచేల నవల అనేవారు. ఎమ్మే ఇంగ్లీషులో ఉన్నది పదిమంది, లైబ్రరీలో ఉన్నది ఒకే ఒక్క కాపీ. మనిషికి నాలుగు రోజుల చొప్పున వంతులేసుకున్నారు. వంతు అయిపోగానే తర్వాతి పేరువాళ్ళకి పుస్తకం స్వయంగా చేతికందించాలి. ఇంద్రజ పేరు తర్వాత ఉన్న పేరు శివరామకృష్ణ. తొంభైతొమ్మిదో సంవత్సరం జూలై నెలలో మొదలైన ఈ కథకి మూలం ఆ జాబితానే.

ఇంకో మూలం కూడా ఉంది. నీలవేణి మేడం. అమెరికన్ లిటరేచర్ పేపరు ఆవిడదే. చదివిన ప్రతి పాఠానికీ ఓ నోటుబుక్కులో స్పందన రాయాలని, అది తెలుగులోనే రాయాలని ఆవిడ రూలు.

"ఇంగ్లీషులో రాయమంటే గైడు చూసి రాస్తారు. తెలుగులో ఇంకా ఎవరూ గైడు వెయ్యలేదు. కాబట్టి మీకేమనిపించిందో అదే రాసి చస్తారు," అన్నారావిడ మొదటి రోజునే.

ఇంద్రజ తనకేమనిపించిందో అదే రాసింది. ఆమెది నరసాపురం. పోస్టు ఇవ్వడానికి వచ్చినవాడు కూడా మజ్జిగ తాగకుండా గుమ్మం దిగడానికి వీల్లేని ఇల్లు. ఆ కళ్ళతో చదివితే అమెరికా ఎలా కనిపిస్తుందో ఆమె మొదటి స్పందన చూస్తే తెలుస్తుంది.

"ఈ కథలో ఒక మనిషి మంచులో మూడు రోజులు నడిచి ఒక ఇంటి తలుపు తడతాడు. ఇంటాయన దారి చెప్పి తలుపేసుకుంటాడు. ఇది మానవుడి ఒంటరితనానికి ప్రతీక అని క్లాసులో చెప్పారు. నాకలా అనిపించలేదు. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకపోవడం అనిపించింది."

కింద మేడం ఎర్రసిరాతో రాశారు. "నిజమే. కానీ పరీక్షలో ప్రతీక అని కూడా రాయి."

రెండో స్పందన ఓ నాటకం గురించి. "ఈ నాటకం రెండంకాలూ భోజనాల బల్ల దగ్గరే. కుటుంబం ముక్కలైపోతోందని చూపించడానికట. మొదటి అంకంలోనే ఆ తల్లి ఎవరికైనా ఇంకొంచెం వేసుకోమని చెప్పుంటే రెండో అంకం అవసరం ఉండేది కాదు."

దానికి మేడం ఏమీ రాయలేదు. ఎర్రసిరా చుక్క మాత్రం ఒకటి పడింది. నవ్వుతుంటే పెన్ను జారి ఉంటుందని ఇంద్రజ స్నేహితురాలు దుర్గాశ్రీ అంది.

గోధుమచేల నవల దగ్గరికొచ్చేసరికి మాత్రం వ్యవహారం ముదిరింది.

ఆ నవలలో ఓ వడ్రంగి ఉంటాడు. ఓ పల్లెటూరి రైతు ఇంటికి ధాన్యం కొట్టు కట్టడానికి వస్తాడు. వేసవంతా అక్కడే ఉండి పనిచేస్తాడు. ఆ రైతు కూతుర్ని ప్రేమిస్తాడు. పని ముగిసిన సాయంత్రం, నాతో వస్తావా అని అడుగుతాడు. ఆమె రానంటుంది. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాడు. తర్వాత నూట ఇరవై పేజీలు ఇద్దరూ వేరువేరు ఊళ్ళలో కుమిలిపోతారు. ఇరవైరెండేళ్ళ తర్వాత అతను అదే దారిన పోతూ ఆ ఇంట్లో దీపం చూస్తాడు. తలుపు తట్టడు. నవల అయిపోతుంది.

ఆగస్టు మొదటివారంలో శివరామకృష్ణ లేచి నిలబడి తన స్పందన చదివాడు. మనిషి పొడుగు. మాట నెమ్మది. ఏ కాస్త ఉద్వేగం కలిగినా ముందు చెవులు ఎర్రబడతాయి.

"అతను ఒక్కసారే అడిగాడు. ఆమె కాదంది. ఆమె మాటకి విలువిచ్చి వెళ్ళిపోయాడు. ఇంతకంటే గొప్ప ప్రేమ నేనెక్కడా చదవలేదు."

"అయ్యో రామా," అంది ఇంద్రజ. మనసులో అనుకోబోయింది, పైకి వచ్చేసింది.

అతను తిరిగి చూశాడు. "మీకేమైనా అభ్యంతరమాండీ?"

"అభ్యంతరం కాదండీ, అనుమానం. ఆ అమ్మాయి మొహమాటానికి కాదందేమోనని ఆయనకి తట్టనేలేదాండీ?"

"అమెరికాలో మొహమాటం ఉండదండి."

"మీరెళ్ళి చూశారాండీ?" క్లాసు నవ్వింది. ఇంద్రజ ఆగలేదు. "మా ఊళ్ళో మజ్జిగిచ్చినా మూడుసార్లు అడుగుతారు. మొదటిసారి వద్దంటాం, అది మర్యాద. రెండోసారి మీకెందుకండీ శ్రమ అంటాం. మూడోసారి పుచ్చుకుంటాం. ఆయన టోపీ పెట్టుకోకుండా ఇంకో రెండు నిమిషాలు ఆగుంటే నూట ఇరవై పేజీలు కలిసొచ్చేవి."

"వద్దన్న మనిషిని మళ్ళీ మళ్ళీ అడగడం మర్యాద కాదండి. దాన్ని పీడించడం అంటారు."

"అడక్కుండా పోవడాన్ని ఏమంటారండీ?"

"నమ్మడం అంటారు," అన్నాడతను. చెవులు పండు మిరపకాయల్లా ఉన్నాయి.

గంట కొట్టేదాకా మేడం ఆనందంగా వింటూ కూర్చున్నారు.

క్లాసయ్యాక క్యాంటీన్లో అతను మర్యాదగా వచ్చి, "టీ తాగుతారాండీ?" అని అడిగాడు.

"వద్దండి," అంది ఇంద్రజ, అందరూ అన్నట్టే.

"సరేనండి," అని అతను కౌంటరు వైపు తిరిగి, "ఒక టీ," అన్నాడు.

ఇంద్రజకి రెండో పిలుపు రాలేదు. టీ కూడా రాలేదు. అతను ఎదురుగా కూర్చుని ప్రశాంతంగా ఊదుకుంటూ తాగాడు. పక్కన దుర్గాశ్రీ బల్ల మీద తల పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది.

"వీడెక్కడి మనిషే," అంది ఇంద్రజ సాయంత్రం స్టేషన్లో.

"ఒక్కసారే అడిగే మనిషి," అంది దుర్గాశ్రీ.

మనిషి మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కోపం వచ్చిన మనిషి గురించి రోజంతా ఆలోచించడం వల్ల ఇంద్రజకి కొన్ని విషయాలు తెలిశాయి. తను మాట్లాడుతుంటే అతను మధ్యలో అడ్డురాడు. నిన్న తను అన్నమాట ఇవాళ గుర్తుపెట్టుకుని జవాబు తెస్తాడు. టీ తాగుతానని మొదటిసారే చెబితే వెంటనే తెప్పిస్తాడు, పైగా పంచదార ఎంత అని అడుగుతాడు. నాలుగో రోజునుంచి ఆమె మొదటిసారే చెప్పడం మొదలుపెట్టింది. అది చెప్పిన ప్రతిసారీ దాటకూడని గుమ్మం దాటినట్టుండేది.

అతనిది ఉండి అనే ఊరి దగ్గర పల్లె. ఇంటిచుట్టూ చేపల చెరువులు. వాళ్ళ బస్సు స్టేషన్ ముందే ఆగుతుంది. అందుకని కాలేజీ వదిలాక ఇద్దరూ స్టేషన్ దాకా దెబ్బలాడుకుంటూ నడిచేవారు. అమెరికా మొత్తం ఆ దారిలో ముక్కచెక్కలైపోయేది. ఆ వడ్రంగి మంచివాడని అతను, మొద్దబ్బాయని ఆమె. దుర్గాశ్రీ కొన్నాళ్ళు కూడా వచ్చి, తర్వాత తనకి వేరే పనులున్నాయని తప్పుకుంది.

ఆగస్టు ఆఖరున ఓ సాయంత్రం వాన పట్టుకుంది. స్టేషన్ రేకుల మీద చినుకులు పడుతుంటే పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడడం లేదు. ప్లాట్‌ఫారం చివర పెట్టె ఆగేచోట పైకప్పు లేదు. శివరామకృష్ణ గొడుగు పట్టాడు. గొడుగు ఒకరికి సరిపోయేది. అతని భుజం ఒకటి తడిసిపోతోంది, అది ఎడమ భుజమని కూడా ఇంద్రజ గమనించింది.

నరసాపురం పాసింజరు కూత వినపడింది.

"ఇంద్రజగారూ, ఒకటడుగుతాను," అన్నాడతను. చెవులు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. "మా పెద్దవాళ్ళని మీ ఇంటికి పంపించమంటారా?"

ఎందుకు పంపిస్తారో వివరంగా చెప్పాల్సిన పనిలేదు. ఇంద్రజకి లోపలంతా ఒక్కసారి దీపాలు వెలిగాయి. నెల్లాళ్ళుగా ఆ మాట కోసమే తను ఆ స్టేషన్ దాకా నడుస్తోందని అప్పుడు తెలిసింది. సంతోషంతో నోరు తెరిచింది. ఇరవైరెండేళ్ళ నరసాపురం ఆ నోట్లోంచి మాట్లాడింది.

"అబ్బే, వద్దండి."

అతను తలూపి, "సరేనండి," అన్నాడు.

రైలు ఆగింది. ఆమె ఎక్కింది. తలుపు దగ్గరే నిలబడి ఎదురుచూసింది. రెండోసారి ఇప్పుడు అడుగుతాడు. రైలు కదిలేముందు అడుగుతాడు. అతను గొడుగు మడిచి ఆమె చేతికిచ్చాడు. "నరసాపురంలో కూడా వాన ఉంటుందండి," అన్నాడు. రైలు కదిలింది. అతను తడుస్తూ చెయ్యి ఊపాడు.

టోపీ ఒక్కటే తక్కువ.

పాలకొల్లు దాటేదాకా ఇంద్రజకి ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక గొడుగుని పట్టుకుని ఏడ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చూసి, బుట్టలోంచి రెండు జామకాయలు తీసి ఇవ్వబోయింది. "వద్దండి," అంది ఇంద్రజ వెక్కుతూ. ఆవిడ మూడుసార్లు అడిగి ఒళ్ళో పెట్టేసింది. మనుషులంటే అలా ఉండాలి అనుకుని ఇంకాస్త ఏడ్చింది.

ఆ మర్నాడునుంచి ఆమె అతనికి అవకాశాలివ్వడం మొదలుపెట్టింది.

"నిన్న మీరేదో అడిగారు, వానలో నాకు సరిగా వినపడలేదు," అంది మొదటి రోజు.

"వినపడింది కదండీ, మీరు జవాబు కూడా చెప్పారు. మీరేం ఇబ్బంది పడకండి. నేను మళ్ళీ ఎత్తను."

"ఇబ్బందేం లేదండి, ఎత్తినా పర్లేదు."

"మీ మంచితనం అండి అది," అన్నాడతను, కళ్ళలో నిజమైన గౌరవంతో.

రెండోవారం ఆమె, మనుషులు ఒక్కోసారి మనసు మార్చుకుంటారు కదా అంది. మార్చుకునేవాళ్ళు వాళ్ళే చెబుతారు కదా అన్నాడతను. మూడోవారం గొడుగు తిరిగిచ్చింది. ఇస్తూ, "ఇంకేమైనా అడుగుతారేమో అడగండి," అంది. అతను కాస్త ఆలోచించి, "కర్ర ఎలా వంగిందండీ?" అని అడిగాడు.

స్టేషన్ దాకా అతను ఇప్పుడు కూడా వచ్చేవాడు. కానీ రెండడుగులు ఎడంగా నడిచేవాడు. దెబ్బలాట మానేశాడు. వడ్రంగిని ఎంత తిట్టినా ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం ఇంద్రజకి తిట్టినదానికంటే ఎక్కువగా తగిలేది.

సెప్టెంబరు చివర ఇంట్లో నాన్నగారు కబురు చెప్పారు. ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరు పిలవలేక ఊరంతా చినబాబుగారంటారు. "పాలకొల్లు సంబంధం వాళ్ళు దసరా వెళ్ళాక చూడ్డానికి వస్తారమ్మా. కుర్రాడికి చేపల మేత వ్యాపారం. రమ్మనమంటావా?"

"అబ్బే, వద్దండి నాన్నగారూ," అంది ఇంద్రజ. ఈసారి నిజంగానే అంది.

"మొదట అందరూ అలాగే అంటారులే," అని ఆయన నవ్వుతూ ఉత్తరం రాయడానికి కాగితం తీసుకున్నారు.

తన ఇంట్లో తన మాట ఎవరూ నమ్మరు. నమ్మే ఒక్క మనిషీ నమ్మకూడని మాటని నమ్మి కూర్చున్నాడు. ఇంద్రజకి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక మళ్ళీ ఆ వడ్రంగి మీదే తెచ్చుకుని, గోధుమచేల నవల మీద మూడు పేజీల స్పందన రాసి మేడం చేతిలో పెట్టింది. అందులో వడ్రంగిని అనని మాట లేదు. పాషాణమంది. రంపానికున్న పాటి తెలివి లేదంది. ఒక చోట పొరపాటున, "గొడుగిచ్చి చేతులు దులుపుకున్నాడు" అని కూడా రాసింది.

సెలవులిచ్చే రోజున నోటుబుక్కు తిరిగొచ్చింది. రైల్లో తెరిచి చూసింది. ఎర్రసిరా సగం పేజీ ఉంది.

"వడ్రంగి సంగతి బాగా తేల్చావు. నవలలో గొడుగు లేదు, సరే. కానీ ఆ అమ్మాయికి నోరు లేదా? తను కాదన్నది మొహమాటానికని తనకొక్కదానికే తెలుసు. ఇరవైరెండేళ్ళలో ఒక్క కార్డు ముక్క రాయలేకపోయిందా? దీనికి సమాధానం రాయి. సెలవుల తర్వాత సెమినార్‌లో చదవాలి."

ఇంద్రజ ఆ పేజీ నరసాపురం వచ్చేదాకా చూస్తూనే ఉంది.

సెమినార్ కోసం నవలకి రెండో వంతు నడుస్తోంది. పుస్తకం ఆమె దగ్గరే ఉంది. తర్వాతి పేరు అతనిది. స్వయంగా చేతికే అందించాలని రూలు. సెలవుల్లో మూడో రోజు ఉదయం ఆమె పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పుస్తకం ఇచ్చి వస్తానని ఇంట్లో నిజమే చెప్పి, భీమవరంలో దిగి, ఉండి వెళ్ళే బస్సెక్కింది. ఆకాశం మబ్బుగా ఉంది. ఏమనాలో దారంతా మనసులో అనుకుంటూ వచ్చింది. ఒక్క వాక్యం. అడిగేసి వచ్చేయడమే.

ఆ ఇంటి వీధరుగు మీద ఖాకీ బట్టల్లో ఓ పోస్టుమాన్ విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. మొహానికి చెమటలు పడుతున్నాయి. ఇంద్రజని చూడగానే గొంతు తగ్గించి చెప్పాడు.

"ఈ ఇంటికి కొత్తాండీ? ఓ మాట చెబుతాను. వద్దనకండి. వద్దంటే రెండు వేస్తారు. నేను తొమ్మిదింటికి కార్డివ్వడానికొచ్చానండి."

అప్పుడు పదకొండయింది.

లోపల్నుంచి శివరామకృష్ణ తల్లి శ్యామలాంబ వచ్చింది. కాలేజీనుంచి వచ్చానని, పుస్తకం ఇవ్వాలని ఇంద్రజ చెబుతుండగానే ఆమె చేతిలో కాళ్ళు కడుక్కునే చెంబు పెట్టేసింది. అతను చెరువుగట్టు మీదికి వెళ్ళాడట, వచ్చేస్తాడట. ఈలోగా కాస్త ఎంగిలిపడమంది. విస్తరి వేసేసరికి అతని మామ్మ బుల్లెమ్మ గరిటెతో తయారైంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, చూపు కాస్త మందం. చెయ్యి మాత్రం చురుకు.

"గారెలేసుకో తల్లీ."

"వద్దండి," అంది ఇంద్రజ. పోస్టుమాన్ మాట గుర్తొచ్చేలోగా నోరు పనిచేసేసింది. రెండు గారెలు పడ్డాయి.

"పనసపొట్టు కూర."

"చాలండి." రెండు గరిటెలు.

"రొయ్యల వేపుడు. మన చెరువువే."

"అయ్యో, ఎందుకండీ శ్రమ." విస్తరిలో అన్నం కనపడడం మానేసింది.

వాళ్ళూళ్ళో మూడుతో ఆగుతారు. ఈ ఇంట్లో అంకెలు లేవు. తినగానే పడుతోంది, తినకపోతే మొహమాటపడుతోందని పడుతోంది. చేయి అడ్డం పెడితే చేతిమీదే నెయ్యి పోశారు. మూడో విడత గారెలకి ఇంద్రజకి కళ్ళు బైర్లు కమ్మాయి. దారంతా వల్లించుకున్న వాక్యం కడుపులో ఎక్కడో పనసపొట్టు కింద ఉండిపోయింది. జీవితంలో మొదటిసారి ఆమె లేని ఓపిక తెచ్చుకుని, మనస్ఫూర్తిగా, ప్రాణభయంతో అంది.

"వద్దండి మామ్మగారూ. నిజంగా వద్దండి."

"నిజంగానే అంటారమ్మా అందరూనూ," అని బుల్లెమ్మ గరిటె ముంచింది.

ఆ గరిటెకీ విస్తరికీ మధ్యకి ఓ చెయ్యి వచ్చింది. చెరువు బురద ఇంకా ఆరని చెయ్యి.

"వద్దన్నారు కదా మామ్మా. వదిలెయ్," అన్నాడు శివరామకృష్ణ.

గరిటె ఆగింది. బుల్లెమ్మ మనవడి వంక చూసి, గొణుక్కుంటూ గిన్నె తీసుకుని లోపలికి పోయింది. ఆ ఇంట్లో అతనొక్కడి మాటకే ఆవిడ ఆగుతుందని తర్వాత తెలిసింది.

ఇంద్రజ ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందులో కొంత రొయ్యల వేపుడు ఘాటు ఉన్నా, మిగతాది అది కాదు. పుట్టినప్పటినుంచీ ఎవరూ తన వద్దు అనే మాటని మాటగా తీసుకోలేదు. నాన్నగారు తీసుకోలేదు, రైల్లో జామకాయల ఆవిడ తీసుకోలేదు. ఇలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన ఈ మనిషి, ఎవరు ఏం చెప్పినా ఒక్కసారికే నమ్మాలని ఎందుకు పంతం పట్టాడో ఇప్పుడు ఆమెకి విస్తరి నిండా కనిపిస్తోంది. స్టేషన్లో అతను టోపీ పెట్టుకుని పోలేదు. ఆ గరిటెని ఆపినట్టే తనని తాను ఆపుకున్నాడు.

చేయి కడుక్కుని వీధరుగు మీదికొచ్చేసరికి వాన మొదలైంది. పోస్టుమాన్ స్తంభానికి జారగిలపడి ఉన్నాడు. లేచే పరిస్థితిలో లేడు.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టారండి మావాళ్ళు," అన్నాడు శివరామకృష్ణ.

"నాకే మంచి జరిగిందండి. మీకో విషయం చెప్పాలి. ఇందాక నేనన్న వద్దు నిజంది. ఆవేళ స్టేషన్లో అన్నది మజ్జిగ దగ్గర అనేది. నోటికి అలవాటైపోయి వచ్చేసింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. తెలిసీ చెప్పకుండా రెండో మాట మీరడగలేదని నెలన్నర మీమీద కోపం పెట్టుకున్నాను. తప్పు మీది కాదండి."

అతను మామూలుగానే మధ్యలో అడ్డురాలేదు.

"దసరా వెళ్ళాక పాలకొల్లునుంచి ఎవరో వస్తారట. నేను వద్దంటే మా ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు. అందుకని ఇప్పుడు నేనే అడుగుతున్నాను. మీ పెద్దవాళ్ళని మా ఇంటికి పంపిస్తారా?"

శివరామకృష్ణ చెవులు అంతకుముందు ఎన్నడూ లేనంత ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు. ఇరవైమూడేళ్ళు ఆ ఇంట్లో పెరిగిన నోరది.

"అబ్బే, మీకెందుకండీ శ్రమ," అన్నాడు.

పోస్టుమాన్ తల పట్టుకున్నాడు. "అదేం మాటండీ బాబూ."

అతనికి తనేమన్నాడో అప్పుడు తెలిసింది. మొహం పాలిపోయింది. ఇంద్రజకి మాత్రం నవ్వాగలేదు. గారెలు, పనసపొట్టు, నెలన్నర దిగులు అన్నీ కదిలేలా నవ్వింది.

"మాది నరసాపురం కదండీ, మాకిది అలవాటే. రెండోసారి అడుగుతున్నాను. పంపిస్తారా?"

"పంపిస్తానండి. ఇవాళే. వాన తగ్గాక. తగ్గకపోయినా సరే."

గుమ్మంలో చప్పుడైంది. బుల్లెమ్మ బొబ్బట్ల పళ్ళెంతో నిలబడి ఉంది. వెనక శ్యామలాంబ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది. ఎంతసేపటినుంచి ఉన్నారో పోస్టుమాన్‌కి తెలుసుగానీ అతను చెప్పలేదు.

"ఎవరమ్మాయివే నువ్వు?" అంది బుల్లెమ్మ.

"నరసాపురం చినబాబుగారి అమ్మాయినండి."

"ఆ కొబ్బరితోట చినబాబా? మా తమ్ముడి వియ్యాలవారికి కావలసినవాడే. మంచివాడు. ఓసారి ఆళ్ళింటికెళ్తే కదలనీకుండా నాలుగుసార్లు పెట్టారు." ఆవిడకి ఓ కుటుంబాన్ని కొలవడానికి అంతకంటే పెద్ద కొలత లేదు. "రేపొచ్చి అడిగితే మీ నాన్న ఏమంటాడు?"

"మొదటి రెండుసార్లు వద్దంటారండి. మూడోసారికి ఒప్పుకుంటారు."

"మరి పద్ధతి అదే కదా," అంది బుల్లెమ్మ తృప్తిగా. ముసలావిడ పళ్ళెం అరుగు మీద పెట్టి, పైట సర్దుకుని, ఇంద్రజ గడ్డం పట్టుకుంది. "ముందు నిన్నడగాలి. మా మనవణ్ణి చేసుకుంటావా తల్లీ?"

"చేసుకుంటానండి," అంది ఇంద్రజ.

బుల్లెమ్మ గడ్డం వదల్లేదు, ఏం చెయ్యాలో తోచలేదు. ఆ గుమ్మంలో ఇంతవరకూ ఎవరూ దేనికీ మొదటిసారే ఒప్పుకోలేదు. ఆవిడ బతిమాలడానికి ఇంకో రెండు విడతల మాటలు సిద్ధం చేసుకునుంది. అవేం కావాలి? కోడలి వంక చూసింది. మనవడి వంక చూసింది. చివరికి పోస్టుమాన్ వంక కూడా చూసింది.

"ఒప్పుకున్నారు కదా మామ్మా," అన్నాడు శివరామకృష్ణ మెల్లిగా.

"నువ్వూరుకోరా. ఇంటికొచ్చిన పిల్లని ఒక్కసారి అడిగి ఊరుకున్నామంటే నలుగురూ ఏమనుకుంటారు?" అని బుల్లెమ్మ గొంతు సవరించుకుంది. "రెండోసారి అడుగుతున్నానమ్మా. మొహమాటపడకు. చేసుకుంటావా?"

"చేసుకుంటానండి."

"మూడోసారి?"

"చేసుకుంటానండి మామ్మగారూ," అని ఇంద్రజ చెయ్యి చాచి, ఎవరూ అడక్కముందే పళ్ళెంలోంచి ఓ బొబ్బట్టు తీసుకుంది.